కోడి రామమూర్తి నాయుడు గారి ఊపిరి

నాగావళి ఒడ్డున పెరిగిన పిల్లలకు ఈత ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. అయినప్పటికీ క్రిందటి సంవత్సరం మేము ఎరిగిన విద్యార్థి ఒకడు ఈత పోటీకి నిలిచి, నీటిలోనికి దూకక మునుపే ఓడిపోయాడు. ప్రక్క వరుసలోని వారి భుజాలను చూచి అతని గుండె జారింది. సగం దూరమైనా పోకుండానే రొప్పుతూ గట్టు పట్టుకున్నాడు. ఏటికి ఎదురీదగల కుర్రవాడికి బలం చాలలేదని ఎట్లా అనగలం? లోపం ఎక్కడున్నదని ఆలోచిస్తుండగా, మన ప్రాంతపు మహాబలుడు కోడి రామమూర్తి నాయుడు గారు మాకు స్మృతికి వచ్చారు. ఆయన ఈత పందెములలో పాల్గొన్నవారు కారు. కాని ఊపిరిని, మనస్సును ఒక్క త్రాట కట్టిన విద్యలో అంతటి గురువు ఈ సీమలో మాకు మరొకరు కనబడలేదు.

రామమూర్తి నాయుడు గారు 1882 ప్రాంతంలో వీరఘట్టంలో జన్మించారు. చిరకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ గ్రామం 2022 లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి బాల్యంలోనే గతించింది. చదువు మీద కంటె సాము గరిడీల మీద మనస్సున్న పిల్లవానిని తండ్రి విజయనగరంలోని పినతండ్రి ఇంటికి పంపారు. ఆ పట్టణం ఆయనకు రెండవ తల్లి అయింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. దండీలు, బస్కీలు తీయు స్థలాన్ని మన పెద్దలు తాలింఖానా అన్నారు. నేర్పువానిని వస్తాదు అన్నారు. మొదటిది తాలీము, అనగా విద్య; రెండవది ఉస్తాదు, అనగా గురువు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదువుకొనువారు ఈ మాటలను ఒకసారి తలపోయవలెను. కండలు పెంచు చోటును విద్యాశాల యని పిలిచిన జనం తెలివి తక్కువవారు కారు.

ఇరువది ఒకటవ ఏట ఆయన ఒకటిన్నర టన్ను బరువును రొమ్ముపై మోశారని, తరువాత దానిని రెట్టింపు చేశారని చెబుతారు. ఆ పెంపు ఒక్క దినంలో జరిగినది కాదు. మదరాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగి వచ్చి, తాను చదివిన విజయనగరం పాఠశాలలోనే వ్యాయామ శిక్షకులుగా పనిచేశారు. ఆ తరువాత సర్కసు సంస్థను స్థాపించి దేశదేశాలు తిరిగారు. రొమ్ముకు బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచుట, రెండు మోటారు కార్లను చెరియొక చేతికి కట్టించుకొని కదలనీయకుండుట, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకొనుట మున్నగునవి ఆయన ప్రదర్శనలు. మల్లమార్తాండ, కలియుగ భీమ, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదులు ఆయనను వరించాయి. ఆయన శాకాహారి. మాంసం లేనిదే బలం లేదని వాదించు మిత్రులకు ఈ సంగతి రుచించదు.

గొలుసు తెంచుట చూచినవారు రొమ్మును చూచారు. మేము మాత్రం దానికి ముందరి క్షణాన్ని తలచుకొంటాము. వేలాది జనం కేకలు వేస్తుండగా, ఆ కేకలను చెవిని పెట్టక, శ్వాసను నిలిపి, తలపు నంతటినీ ఒక్క చోట నిలుపవలెను. మా విద్యార్థికి కొరవడినది సరిగా ఆ క్షణమే. ఈతగానికి ప్రత్యర్థి ప్రక్క వరుసలో లేడు. నీటిలో గాలి వదలుట, తల త్రిప్పి పీల్చుట, మరల బార వేయుట, ఈ లయ చెదరిందా, ఎంత కండ ఉన్నా ప్రయోజనం లేదు.

ఆయన వాయుస్తంభన, జలస్తంభన విద్యలను సాధించారని ప్రసిద్ధి. ఇది విని మన కుర్రవారు చెరువులో మునిగి ఊపిరి బిగపట్టు పందెములకు దిగుట మాకు భయం. మునుగుటకు ముందు గబగబ పదే పదే గాలి పీల్చి వదలితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీయవలెనను తొందరను పుట్టించునది ఆ వాయువే. తొందర పుట్టదు గనుక మునిగినవాడు క్షేమంగా ఉన్నాననుకొంటాడు. ఈలోగా ప్రాణవాయువు అడుగంటి, ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. ఒడ్డున ఎవరూ లేకపోతే అంతటితో సరి. గురువు కనిపెట్టి ఉండగా ఏండ్ల తరబడి సాగిన సాధన వేరు, ఆదివారపు పందెం వేరు.

చివరి దినాలు కష్టమైనవి. కాలికి గాయమై, అది ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతోనే ఆ శస్త్రచికిత్సను సహించారని చెప్పుకొంటారు. దీనిని అక్షరాలా నమ్మవలెనో లేదో పాఠకులే నిర్ణయించుకొందురు గాక. కారును నిలిపిన కాలు పోయిన తరువాత కూడ ఆయన జీవించారన్న మాట మాత్రం మమ్ము కలచివేస్తుంది. ఒడిశాలోని బలాంగీరులో, వీరఘట్టానికి దూరంగా, 1942 లో కన్నుమూశారు. విశాఖ సముద్ర తీరాన ఆయన విగ్రహం, శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడాప్రాంగణం ఉన్నాయి.

మేము చెప్పిన విద్యార్థి మరల సాధన ప్రారంభించాడు. తెల్లవారుజామున, ఒడ్డున తోడు మనిషిని నిలుపుకొని, ఎవరివైపూ చూడక తన బారలు తాను లెక్కపెట్టుకొంటున్నాడు. పోటీ ఇంకను రెండు నెలలున్నది.