శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా శిస్తు తీసిన బుస్సీ దొర
ఫ్రెంచివారికి చివరకు ఇక్కడ మిగిలింది యానాం

యానాం: బొబ్బిలి బుర్రకథ విన్న పల్లెల వారికి బుస్సీ దొర పేరు కొత్త కాదు. కథలో అతడు ఫిరంగులతో వచ్చి కోట కూల్చిన తెల్లదొర. పాపారాయుడు విజయరామరాజును పొడిచేసరికి కథ ముగుస్తుంది. ఆ తర్వాత దొర ఏమయ్యాడన్నది ఎవరికీ పట్టదు. అయితే యానాం చూడవచ్చిన వారు గౌతమి గట్టున నిలబడి, చుట్టూ ఆంధ్ర ఊళ్లే ఉండగా ఈ ఒక్క ఊరు పుదుచ్చేరి కింద ఎందుకుందని అడిగితే ఆ దొర సంగతి తీయక తప్పదు.

బుస్సీ 1720 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలోని స్వాసోన్ పట్టణం దాపున పుట్టాడు. వంశం పెద్దదే గాని ఆస్తి అంతంత మాత్రం. ఆ రోజుల్లో అటువంటి ఇళ్ల కుర్రవాళ్లు చాలామంది చేసినట్టే ఓడ ఎక్కి తూర్పు దేశాలకు వచ్చి, పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీ పటాలంలో కుదిరాడు. అప్పటి గవర్నరు డూప్లే. మనిషిని చూసి పని అప్పగించడంలో డూప్లే దిట్ట. 1750లో సెంజి కోట పట్టే పనిలో బుస్సీని ముందు నడిపాడు. మూడు కొండల మీద కట్టిన ఆ కోట ఒక్క రాత్రిలో ఫ్రెంచివారి వశమైంది.

మరుసటి ఏడాది బుస్సీ కొద్దిపాటి ఫ్రెంచి దండుతో కొత్త నిజాం ముజఫర్ జంగ్ వెంట హైదరాబాదుకు బయలుదేరాడు. దారిలో రాయచోటి ప్రాంతాన జరిగిన పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. మరొకరైతే వచ్చిన దారినే వెనుదిరిగేవారు. బుస్సీ అక్కడికక్కడే, అదే దండులో ఖైదులో ఉన్న సలాబత్ జంగ్‌ను బయటకు తెచ్చి నిజాముగా నిలబెట్టాడు. అక్కడి నుంచి ఏడేళ్లు దక్కను దర్బారులో అతడి మాట చెల్లింది. 1756లో గిట్టనివారు అతడిని కొలువు నుంచి తీసివేయించారు. అప్పుడు హైదరాబాదులోని చార్ మహల్లో తిష్ఠ వేసి, మచిలీపట్నం వైపు నుంచి సాయం వచ్చేదాకా కదలలేదు. నిజాం మళ్లీ పిలిచి కొలువు ఇచ్చాడు.

దండును పోషించాలంటే జీతాలు కావాలి. నిజాం ఖజానా నుంచి జీతాలు ఏనాడూ సకాలంలో అందలేదు. అందుకని బుస్సీ రొక్కానికి బదులు నేల అడిగాడు. 1753లో ఔరంగాబాదులో సలాబత్ జంగ్ నాలుగు సర్కారులు రాసి ఇచ్చాడు. అవి చికాకోలు అనబడిన శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం అనబడిన కొండపల్లి. మచిలీపట్నం అప్పటికే ఫ్రెంచివారిది. అంటే ధవళేశ్వరం ఆనకట్టకు ఇంకా నూరేళ్ల ముందు, వానల మీద, వరద నీటి మీద బతికే గోదావరి రైతు కట్టిన శిస్తు ఎక్కడో హైదరాబాదులో ఉన్న ఫ్రెంచి సిపాయికి జీతంగా పోయింది. రైతుకు దొర ముఖం తెలియదు. వసూలు చేసింది జమీందార్లు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను బుస్సీ విజయనగరం రాజు పెద విజయరామరాజుకు ఇజారాకు ఇచ్చాడు.

ఆ ఇజారా నుంచే బొబ్బిలి గొడవ పుట్టింది. 1756 చివర బుస్సీ దండుతో రాజమహేంద్రవరం వచ్చాడు. విజయరామరాజుకు బొబ్బిలి రంగారావుతో పాత పగ. సమయం చూసి దొర చెవిలో వేశాడు. కోట విడిచిపోతే వేరే చోట భూములు ఇస్తానని బుస్సీ కబురు పెట్టాడంటారు. బొబ్బిలివారు సమ్మతించలేదు. 1757 జనవరి 24న పొద్దు పొడవగానే మొదలైన పోరు గంటల తరబడి సాగింది. ఇక దారి లేదని తెలిసిన వెలమ దొరలు తమ ఆడవారిని, బిడ్డలను పరాయివారి చేత చిక్కనీయక కోటలోనే కడతేర్చి, తామూ పోరాడి నేలకొరిగారు. బతికిన పసివాడైన రాజకుమారుణ్ణి ఒక ముదుసలి తెచ్చి ఫ్రెంచివారికి అప్పగించాడు. కోట లోపలి సంగతి విని బుస్సీ చలించిపోయాడంటారు. పగ విజయనగరానిదే కావచ్చు. కానీ గోడలు పగలగొట్టిన ఫిరంగులు దొరవి. ఆ లెక్కలోంచి అతడిని తప్పించడం కుదరదు. పాపారాయుడు విజయరామరాజును గుడారంలో చంపింది ఆ మూడో రాత్రి.

అదే ఏడాది బుస్సీ ఇంగ్లీషువారి వర్తక స్థావరాలను ఒక్కొక్కటిగా పట్టాడు. యానాం పక్కనే సన్నబట్టకు పేరుపడిన ఇంజరం, కోనసీమలో బండమూర్లంక, నరసాపురం దగ్గర మాధవాయపాలెం, చివరకు జూన్‌లో విశాఖపట్నం. ఆ వేసవికి ఈ తీరమంతా ఫ్రెంచివారిదే.

పోవడానికి మాత్రం రెండేళ్లు పట్టలేదు. 1758లో ఫ్రాన్సు నుంచి లాలీ అనే కొత్త సేనాపతి వచ్చాడు. అతడి దృష్టి అంతా మద్రాసు మీదే. హైదరాబాదులో బుస్సీ ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో తెలుసుకోలేదు, వెంటనే రమ్మని ఉత్తరువు పంపాడు. బుస్సీ మారుమాట లేకుండా వెళ్లాడు. ఇక్కడి దండు కాన్ఫ్లాన్స్ అనే అధికారి చేతికి వచ్చింది. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. బెంగాలు నుంచి క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు ఓడల మీద విశాఖపట్నంలో దిగాడు.

1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి పొలాల్లో రెండు దండులూ తలపడ్డాయి. ఏపుగా పెరిగిన చేను ఇంగ్లీషు సోల్జర్లను కప్పేసింది. పక్కన ఎర్ర కోట్లు తొడిగిన మన సిపాయిలనే తెల్లవారనుకుని ఫ్రెంచివారు వారి మీదకు ఉరికారు. సిపాయిలు వెనక్కి తగ్గేసరికి గెలిచామనుకున్నారు. అంతలో చేను చాటు నుంచి అసలు దండు బయటకు వచ్చింది. కాన్ఫ్లాన్స్ రాజమహేంద్రవరం మీదుగా పారిపోయాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఇంత పెద్ద తీరం చేతులు మారిన తావు చందుర్తి అని పిఠాపురం దారిన పోయే వారిలో ఎందరికి తెలుసునో!

యానాం కథ ఇక్కడే. ఫ్రెంచివారు 1723 ప్రాంతంలోనే ఇక్కడ వర్తకానికి దిగి, నడుమ మానేసి, 1731లో తిరిగి వచ్చారు. అంటే బుస్సీ కంటే ఊరు ముందు. 1763 పారిస్ సంధిలో ఇంగ్లీషువారు సర్కారులు వదలలేదు, యానాం వంటి వర్తక స్థావరాలను మాత్రం తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా లాక్కోవడం, సంధి కాగానే ఇవ్వడం జరిగింది. చుట్టూ ఇంగ్లీషు చట్టం, నడుమ ఫ్రెంచి చట్టం. 1929లో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలకు బళ్లు కట్టుకుని యానాం వచ్చేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరే పడింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండగా జనం ఫ్రెంచి జెండా దింపారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది.

ఇప్పుడు ఎదుర్లంక వారధి మీదుగా వచ్చేవారు ఏటిగట్టు మీది విగ్రహాలు, సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న గుడి చూసి వెళతారు. బుస్సీ ఇక్కడ మకాం చేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. నాలుగు సర్కారుల నేలలో ఫ్రెంచివారు 1954 దాకా ఏలుకున్నది ఇంతే.

బుస్సీ 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువారికి పట్టుబడి, విడుదలై ఫ్రాన్సు వెళ్లాడు. ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో ఎస్టేటులు కొని దర్జాగా బతికాడు. లాలీకి మాత్రం ఓటమి నేరం మీద 1766లో పారిస్‌లో తల తీశారు. ఫ్రాన్సు రాజు మళ్లీ సేనాధిపతిగా పంపగా, అరవై దాటి కీళ్లవాతంతో బాధపడుతున్న బుస్సీ 1783లో ఈ దేశం చేరాడు. కడలూరులో ఇంగ్లీషువారు ముట్టడించగా ఎలాగో నిలబడ్డాడు. అంతలో ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త వచ్చి పోరు ఆగింది. 1785 జనవరిలో పుదుచ్చేరిలో చనిపోయాడు. ఆ రెండేళ్లలో గోదావరి వైపు మళ్లీ రాలేదు.