వోల్టా చెవిలో కరెంటు చప్పుడు

బ్రాడీపేటలో ఏ ఈఎన్‌టీ క్లినిక్‌కు వెళ్లినా రెండేళ్లొచ్చినా మాటలు రాని పిల్లాడితో ఒక జంట కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు కంగారు వద్దంటారు, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయని ధైర్యం చెబుతారు. ఆ ధైర్యానికి అలెస్సాండ్రో వోల్టా జీవితం చక్కగా సరిపోతుంది. కాకపోతే ఆ కథను చివరిదాకా చదవండి.

వోల్టా 1745లో ఇటలీలోని కోమోలో పుట్టారు. నాలుగేళ్ల దాకా మాట్లాడలేదని, మూగవాడేమోనని ఇంట్లోవాళ్లు బెంగపడ్డారని చెబుతారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక పావియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు.

ఆయనకు తన శరీరమే ప్రయోగశాల. రెండు వేర్వేరు లోహాలను నాలుకకు ఆనించి కలిపితే పుల్లటి రుచి తగిలింది. నోట్లో పులుపు పదార్థమేదీ లేదు! 1800లో జింకు, వెండి బిళ్లలను జతలుగా పేర్చి, జతకూ జతకూ మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టారు. ప్రపంచానికి తొలి బ్యాటరీ అదే. మన ఇళ్లలోని టార్చిలైటు సెల్లుకు మూలం అక్కడే ఉంది.

30, 40 జతల బ్యాటరీ నుంచి రెండు చెవుల్లోకి లోహపు కడ్డీలు పెట్టుకున్నారు వోల్టా. తల అదిరింది. కొన్ని క్షణాలకు చిక్కటి పదార్థమేదో కుతకుత ఉడుకుతున్నట్టు చప్పుడు వినిపించింది. బయట ఏ శబ్దమూ లేదు. మెదడుకు ప్రమాదమని భయపడి మళ్లీ ఆ జోలికి పోలేదు. మీరూ పోకండి! 1827లో ఆయన కన్నుమూశారు. వోల్టు అనే కొలతకు ఆయన పేరే పెట్టారు.

చెవికి కరెంటుతో వినిపించవచ్చన్న ఆ ఆలోచన 1957లో పారిస్‌లో మళ్లీ ప్రాణం పోసుకుంది. చెవుడు వచ్చిన ఒక వ్యక్తి వినికిడి నరం దగ్గర ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు తీగ అమర్చారు. 1961లో అమెరికాలో డాక్టర్ విలియం హౌస్ ఆ దారిలోనే ముందుకు నడిచారు. అదే నేటి కాక్లియర్ ఇంప్లాంట్. చెవి వెనకుండే మైకు శబ్దాన్ని పట్టుకుంటుంది, ప్రాసెసర్ దాన్ని సంకేతాలుగా మారుస్తుంది, లోపలి చెవిలోని సన్నటి ఎలక్ట్రోడ్లు వాటిని నరానికి అందిస్తాయి. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద కూడా ఎందరో పిల్లలకు ఈ ఆపరేషన్ జరిగింది.

ఆపరేషన్ కాగానే పిల్లాడు మాట్లాడేయడు. మిషను పంపేది సంకేతాలే. అది అమ్మ పిలుపో, కుక్కర్ విజిలో మెదడు నేర్చుకోవాలి. అందుకు నెలల తరబడి థెరపీ, ఇంట్లో రోజూ కబుర్లు కావాలి. పుట్టు చెవుడున్న పిల్లల మెదడు చిన్న వయసులోనే ఈ పాఠాన్ని బాగా నేర్చుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కష్టమవుతుంది.

వోల్టాకు ఆలస్యంగానైనా మాటలొచ్చాయంటే, ఆయన చెవులు పనిచేస్తున్నాయి గనుకే. మీ బిడ్డ చెవులు పనిచేస్తున్నాయో లేదో ఊహతో తెలియదు. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకూ ఒక్క మాట రాకపోయినా ఓఏఈ, బెరా పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. రెండింటికీ సూది గుచ్చరు, నొప్పి ఉండదు. లోపం లేదని తేలితే పెద్దవాళ్ల మాటే నిజమని సంతోషించండి. ఉందని తేలితే మాత్రం నాలుగేళ్ల దాకా ఎదురుచూడకండి.