ఇచ్చిన మాట, రాసుకున్న కాగితం



చేవెళ్ల దారిలో, మొయినాబాద్ మండలంలో చిన్న మంగళారం, పెద్ద మంగళారం అని రెండు ఊళ్లున్నాయి. కొండా వెంకట రంగారెడ్డి గారు 1890లో పెద్ద మంగళారంలో జన్మించారు. నిజాం కాలంలో వకీలుగా పేరు పొందారు, కాంగ్రెసులో పనిచేశారు, మంత్రి అయ్యారు. ఇవి చాలామందికి తెలిసినవే. నన్ను ఆలోచింపజేసేది ఆయన జీవితంలోని ఒక్క రోజు.

అది 1956 ఫిబ్రవరి 20. తెలంగాణను ఆంధ్రతో కలపడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. అయినా ఢిల్లీలో అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నప్పుడు ఆయనా సంతకం పెట్టారు. ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి గారూ పెట్టారు.

మనసొప్పని పనికి మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? మన ఇళ్లలో పంపకాలనాడు చూడండి. పెద్దలంతా ఒక పక్క. కాదంటే చిన్నవాణ్ణి మొండివాడంటారు. అందుకని అతడు షరతులు రాయించుకుంటాడు: అమ్మ మందుల ఖర్చు ఎవరిది, బోరు నీళ్లు వారానికి ఎన్ని రోజులు. కాగితం చేతిలో ఉంటే మనస్సాక్షికి కొంత నెమ్మది. దీన్ని పిరికితనమని నేననను. షరతులతో ఔనన్న రోజులు నాకూ ఉన్నాయి.

అసలు చిక్కు అవతలి పక్క ఉంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది ఒప్పందం. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సంతకం చేసినవారిలో ఒకరైన నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉప ముఖ్యమంత్రిని మాత్రం నియమించలేదు. ఆ పదవిని ఆయన ఆరో వేలుతో పోల్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. దీన్ని ఒక్కరి దుర్బుద్ధి అనుకుంటే మనం తేలిగ్గా తప్పించుకున్నట్టే. మాట ఇచ్చేనాడు అవసరం మనది; నిలబెట్టుకోవలసిన నాటికి అవసరం అవతలివాడిది. ఈలోగా ఇచ్చిన మాటే మనకు దండగ ఖర్చులా కనిపిస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి బోరు నీళ్ల కాగితం పెద్దన్నకు చాదస్తంగా తోచదూ? అబద్ధమాడానని పాపసంకీర్తనంలో చెప్పుకుంటాం గాని, ఇది ఆత్మపరిశోధనలోకే రాదు. ఎందుకంటే మాట ఇచ్చిన రోజున మనం నిజమే చెప్పాం.

కొన్నేళ్లకు ఆ పదవి వచ్చింది, అదీ రంగారెడ్డి గారికే. ఉద్యోగాలు, మిగులు నిధుల షరతులు మాత్రం నానుతూనే ఉన్నాయి. 1969లో అవే వీధికెక్కాయి. ఆ ఉద్యమానికి చెన్నారెడ్డి గారు నాయకులయ్యారు. మరుసటి ఏడాది రంగారెడ్డి గారు కన్నుమూశారు. 1978లో ఏర్పడిన మన జిల్లాకు ఆయన పేరు పెట్టారు.