పార్సిల్‌లో వచ్చిన చెరువు

ల్యాబ్ లేదు. ల్యాప్‌టాప్ స్లో. ఫండింగ్ లేదు. రీసెర్చ్ మాటెత్తితే మనలో చాలామంది ముందుగా చదివే లిస్టు ఇదే కదూ? ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేనూ ఇదే చదివాను. మీ దగ్గరా ఈ లిస్టు ఉంటే, దాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక నార్వే శాస్త్రవేత్త గురించి చదవండి. ఆయన పేరు గెయోర్గ్ ఓసియన్ సార్స్.

సార్స్ 1837లో నార్వే పడమటి తీరంలో పుట్టారు. తండ్రి మిఖాయెల్ సార్స్ చర్చి పాస్టర్‌గా పనిచేస్తూనే సముద్ర జీవుల మీద పరిశోధన చేసి, చివరికి యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు. అంటే మన హీరోకి గురువు ఇంట్లోనే ఉన్నాడు. ఆ అదృష్టం అందరికీ దొరకదు, ఒప్పుకుందాం. కానీ తొలి పరిశోధనకు ఆయన ఎంచుకున్నది మాత్రం ఎవరికైనా అందేదే. ఇప్పుడు ఓస్లో అంటున్న నగరం చుట్టుపక్కల సరస్సులు, నీటిగుంటలు, వాటిలో డాఫ్నియా లాంటి బుల్లి జీవులు.

డాఫ్నియా అంటే రొయ్యకు దూరపు చుట్టం. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. నీటిలోని నాచును ఇది తింటుంది, దీన్ని చేపపిల్లలు తింటాయి. మధ్యలో ఉన్న ఈ చిన్న ప్రాణి లేకపోతే చెరువు లెక్కే మారిపోతుంది.

1864లో ప్రభుత్వం ఆయన్ని లోఫోటెన్ దీవులకు పంపింది. అప్పటికి వయసు 26-27. అక్కడ వేలాది కుటుంబాలకు కాడ్ చేపల వేటే తిండి పెట్టేది. వేట ఒక ఏడాది బాగుండేది, ఇంకో ఏడాది దెబ్బతినేది. ఎందుకో ఎవరికీ తెలీదు. చేప గుడ్లు సముద్రం అడుగున ఉంటాయని అప్పట్లో నమ్మకం. సార్స్ నీటి పైభాగంలో వల వేసి చూస్తే కాడ్ గుడ్లు అక్కడే తేలుతూ కనిపించాయి! జనం ఏం నమ్ముతున్నారన్నది పక్కన పెట్టి, నీళ్లలోకి చూడటమే ఆయన చేసింది.

అసలు ట్విస్ట్ మాత్రం మట్టిలో ఉంది. పరిస్థితులు బాగున్నప్పుడు ఆడ డాఫ్నియాలు మగవాటి అవసరం లేకుండానే పిల్లల్ని కంటాయి. తిండి తగ్గి, గుంపు పెరిగి, రోజులు గడ్డుగా మారితే మగవి పుడతాయి. అప్పుడు వచ్చే గుడ్లు గట్టి పెంకులో భద్రంగా ఉండి, అడుగు మట్టిలో నిద్రపోతాయి. చెరువు ఎండినా చావవు. మళ్లీ నీళ్లు, వెలుతురు తగిలితే లేస్తాయి.

సార్స్ దీన్ని పరిశోధన పద్ధతిగా వాడుకున్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గ్రేస్‌మియర్ అనే మడుగు ఉంది. దాని ఎండిన మట్టి నార్వేకి చేరింది. ఆయన దాన్ని నీళ్లలో వేసి ఓపిగ్గా చూశారు. సైన్స్‌కి అప్పటిదాకా తెలియని జీవులు ప్రాణంతో బయటికొచ్చాయి. పొడవాటి ముళ్లున్న ఒక డాఫ్నియాకు, ఆ ప్రాంతంలో తిరిగిన నార్వే అన్వేషకుడు కార్ల్ లుమ్‌హోల్ట్జ్ పేరు కలిపి 1885లో డాఫ్నియా లుమ్‌హోల్ట్జి అని పెట్టారు. ఇదే జీవి మన దేశపు నీళ్లలోనూ ఉంది. తర్వాత దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికా మట్టి కూడా ఇలాగే ఆయన టేబుల్ మీదికొచ్చింది. ఆయన ఖండాలు దాటి వెళ్లకుండానే చెరువులే ఆయన దగ్గరికొచ్చాయన్నమాట!

చూసిన ప్రతిదాన్నీ గీశారు. 1874లో ప్రొఫెసర్ అయ్యాక కూడా ఆ పని ఆపలేదు. నార్వే క్రస్టేషియన్ల మీద ఆయన రాసిన తొమ్మిది సంపుటాలు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. 1927లో, 90 ఏళ్లకు కొద్ది రోజుల ముందు కన్నుమూశారు.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? మన కోస్తా రొయ్యల హేచరీల్లో డబ్బాలు తెరిచి ఆర్టీమియా గుడ్లను ఉప్పునీళ్లలో వేస్తారు చూడండి, అవి కూడా ఎండిన నిద్రలోంచి లేచేవే. ఒక రసాయనం నీటికి విషమా కాదా అని తేల్చడానికి ల్యాబుల్లో ఇప్పటికీ డాఫ్నియాను 48 గంటలు అందులో ఉంచి చూస్తారు. జువాలజీ, ఫిషరీస్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లూ, ఈ జీవితో మీకు ఎక్కడో ఒకచోట పని పడుతుంది.

అందుకే ఈ వేసవిలో ఒక పని చేయండి. ఎండిన చెరువు అడుగు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, గాజు సీసాలో క్లోరిన్ లేని నీళ్లు పోసి, వెలుతురు తగిలే చోట పెట్టండి. రోజూ భూతద్దంతో చూడండి, కనిపించింది నోట్‌బుక్‌లో గీయండి. మొదటిసారే ఏదో కదులుతుందని గ్యారంటీ లేదు. కదలకపోతే ఇంకో చెరువు మట్టి తీసుకోండి. మీ లిస్టులో లేనివి చాలానే ఉండొచ్చు. గుప్పెడు మట్టి మాత్రం ఉంది కదా!