చర్చిల ఐక్యతకు పాటుపడిన బిషప్ అజరయ్య

అవనిగడ్డ: బందరు ప్రాంతంలోని సి.ఎం.ఎస్. సంఘాలు సి.ఎస్.ఐ. అయింది 1947లో. అందుకు పాతికేళ్లు పాటుపడిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆ రోజు చూడలేదు.

1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన ఆయన తెలుగు నేర్చుకొని దోర్నకల్‌లో సువార్త పని చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. కృష్ణా జిల్లా సంఘాలు తరువాత ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి.

ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్, మెథడిస్టు అని ఎవరి చర్చి వారిది. తగవు పుట్టింది సీమలో. మోసింది మన పల్లెలు. 1919 మే నెలలో తరంగంబాడిలో అజరయ్య అధ్యక్షతన పాదిరీలు సమావేశమై ఐక్యత కోరారు.

చిక్కల్లా ఒక్కటే. బిషప్ చేతులుంచని పాదిరి పాదిరేనా? అవునంటే ఆంగ్లికన్లలో కొందరికి విశ్వాసభంగం, కాదంటే మిగతావారికి అవమానం. ఏళ్ల తరబడి చర్చలు సాగాయి. ఉన్న పాదిరీలను తిరిగి అభిషేకించకుండానే అంగీకరించాలని, కొత్తవారిని మాత్రం బిషప్పులే అభిషేకించాలని చివరకు కుదిరింది. ఏ సంఘం మనస్సాక్షినీ నొప్పించరాదన్న హామీ కూడా చేర్చారు.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చిలు ఏకమయ్యాయి. ఆయన మండలంలోనివే అయిన నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు మాత్రం చాలావరకు అప్పట్లో చేరలేదు.