రిచర్డ్ ఓవెన్ - ఏటి ఒడ్డున దొరికిన ఎముక



ఈసారి మన గోడపత్రికలో శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు రాయాలనుకున్నాం. నేను రిచర్డ్ ఓవెన్ గురించి రాస్తున్నాను. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ డైనోసార్ అనే మాట ఆరో తరగతి చెల్లెళ్లకి కూడా తెలుసు. ఆ మాట పెట్టింది ఈయనే. అయినా నేను ఈయన్ని ఎంచుకున్నది డైనోసార్ కోసం కాదు, ఒక బొక్క ముక్క కోసం. అది జానెడు కూడా లేదు.

ఓవెన్ 1804 జూలై 20న ఇంగ్లండు దేశంలోని లాంకాస్టర్ అనే ఊర్లో జన్మించాడు. నాన్న వ్యాపారి. ఓవెన్‌కి ఐదేళ్లప్పుడే నాన్న చనిపోయాడు. అమ్మే పెంచింది. పదహారేళ్లకి ఊర్లో ఒక డాక్టర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ రోజుల్లో వైద్యం అలాగే నేర్చుకునేవాళ్లంట. ఆ ఊరి జైల్లో ఖైదీలు చనిపోతే శవాన్ని కోసి చూసేవాళ్లు. అక్కడే ఓవెన్‌కి శరీరం లోపల ఏముందో తెలుసుకోవాలనే ఆసక్తి పుట్టింది. తర్వాత 1824లో ఎడిన్‌బరోలో చదివాడు, అక్కడి నుంచి లండన్ వచ్చాడు.

1827లో లండన్‌లోని సర్జన్ల కాలేజీ మ్యూజియంలో ఆయనకి ఉద్యోగం దొరికింది. జాన్ హంటర్ అనే పెద్ద డాక్టర్ బతికి ఉన్నప్పుడు సేకరించిన ఎముకలు, సీసాల్లో పెట్టిన అవయవాలు అక్కడ సుమారు 13,000 ఉన్నాయి. ఏది ఏమిటో హంటర్ కాగితాల మీద రాసి పెట్టాడు. కానీ ఆయన చనిపోయాక ఆయన బావమరిది ఆ కాగితాల్లో చాలా వాటిని కాల్చేశాడు. ఇక వస్తువులు ఉన్నాయి గానీ వాటి వివరాలు లేవు. ఓవెన్, ఆయన పైఅధికారి క్లిఫ్ట్ కలిసి ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, తెలిసిన జంతువుల ఎముకలతో పోల్చి చూసి, ఇది ఫలానాది అని మళ్లీ రాశారు. ఇలా ఏళ్ల తరబడి చేశారు. ఓవెన్‌కి అదే పెద్ద బడి అని నాకు అనిపిస్తుంది.

1835లో క్లిఫ్ట్ గారి అమ్మాయి కరోలిన్‌ని పెళ్లి చేసుకున్నాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో ఏ జంతువు చచ్చిపోయినా ఓవెన్ కోసి చూసేవాడు. ఒకసారి కరోలిన్ ఇంటికొచ్చేసరికి ముందు గదిలో చచ్చిన ఖడ్గమృగం పడి ఉందంట! ఆమె ఎలా భరించిందో!

ఇప్పుడు బొక్క సంగతి చెప్తాను. న్యూజీలాండ్ అంటే సముద్రం మధ్యలో ఉన్న దీవుల దేశం. తెల్లవాళ్లు రాకముందు నుంచే అక్కడ మావోరీలు ఉన్నారు. మనలాగే వాళ్లు కూడా ఆదివాసులు. ఒక మావోరీ మనిషికి ఏటి ఒడ్డున ఒక ఎముక ముక్క దొరికింది. ఆయన దాన్ని హారిస్ అనే వ్యాపారికి ఇచ్చాడు. హారిస్ దాన్ని సిడ్నీలో డాక్టరుగా ఉన్న తన మామ జాన్ రూల్‌కి ఇచ్చాడు. అలా చేతులు మారి 1839లో లండన్‌లో ఓవెన్ దగ్గరికి చేరింది.

ఆ ముక్క పొడవు 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు. రెండు కొసలూ విరిగిపోయి ఉన్నాయి. కీలు ఉండే కొసలు ఉంటే ఎముకను సులువుగా గుర్తుపట్టవచ్చు. ఇక్కడ నడిమి ముక్క ఒక్కటే మిగిలింది. ఇది పెద్ద గద్ద ఎముక అని రూల్ చెప్పాడు. ఓవెన్ మొదట నమ్మలేదు. కూరలో వేసుకునే పశువు నల్లి బొక్క అనుకున్నాడు. అయినా పారేయకుండా మ్యూజియంలోని ఎముకల పక్కన పెట్టి చూశాడు.

ఇది మీరు కూడా చూడవచ్చు. మేక నల్లి బొక్కను పగలగొడితే గోడ గట్టిగా ఉంటుంది, మూలుగ ఉండే లోపలి భాగం నున్నగా ఉంటుంది. ఈ ముక్క లోపల నున్నగా లేదు. తేనెపట్టు గదుల్లాగా చిన్న చిన్న అరలు ఉన్నాయి. ఆవు ఎముకతో కలవలేదు. గుర్రం ఎముకతో కలవలేదు. మనిషి ఎముకతో కూడా కలవలేదు. చివరికి నిప్పుకోడి తొడ ఎముక పక్కన పెడితే పోలిక కనిపించింది. కాబట్టి ఇది పక్షిదే. మరి గద్దదా? కాదు. గద్ద తొడ ఎముకలో గాలి ఉంటుంది, అందుకే తేలిగ్గా ఉంటుంది. ఇందులో గాలికి చోటు లేదు, మూలుగే ఉండేది. అంటే ఎగరలేని పక్షి, నేల మీద బరువుగా నడిచే పక్షి, నిప్పుకోడి అంత పెద్దది.

1839 నవంబర్ 12న ఓవెన్ ఈ మాట జంతుశాస్త్ర సంఘం సభలో చెప్పాడు. అప్పుడు ఆయన వయసు 35. చాలామంది నమ్మలేదు. చిన్న దీవుల్లో అంత పెద్ద పక్షి ఎలా ఉంటుందని సందేహపడ్డారు. విరిగిన ముక్క ఒక్కటి చూసి చెప్పిన మాట తప్పయితే ఆయన పేరు పోయేది. ఆయన వెనక్కి తగ్గలేదు. తన వ్యాసాన్ని 100 కాపీలు ఎక్కువ వేయించి న్యూజీలాండ్‌లో పంచడానికి పంపాడు. ఆ తర్వాత మూడేళ్లకు పైగా ఎదురు చూశాడు.

1843లో న్యూజీలాండ్ నుంచి పెట్టెల నిండా ఎముకలు వచ్చాయి. విలియం విలియమ్స్ అనే ఫాదర్ పంపాడు. వాటిని ఏరి తెచ్చింది మాత్రం మావోరీలే. తెచ్చినవాళ్లకి ఆయన కూలి ఇచ్చాడు. అందులో తొడ ఎముకలు, కాలి ఎముకలు పూర్తిగా ఉన్నాయి. ఓవెన్ చెప్పింది నిజమని అందరూ ఒప్పుకున్నారు. ఆయన దానికి డైనోర్నిస్ అని పేరు పెట్టాడు. అంటే భయంకరమైన పక్షి.

కానీ ఆ పక్షికి అంతకుముందే పేరు ఉంది! మావోరీలు దాన్ని మోవా అంటారు. వాళ్ల పూర్వీకులు వేరే దీవుల నుంచి పడవల్లో వచ్చారు. ఆ దీవుల భాషల్లో మోవా అంటే కోడి. ఇక్కడికొచ్చి ఈ పెద్ద పక్షిని చూసి కోడి పేరే పెట్టారన్నమాట. మెడ ఎత్తితే పెద్దది 12 అడుగుల దాకా ఉండేది. బరువు 200 కిలోలు దాటేది. రెక్కల ఎముకలు అసలే లేవు. మనుషులు ఆ దీవులకి వచ్చిన రెండు వందల ఏళ్లలోపే వేటాడటం వల్ల మోవాలు అంతరించిపోయాయి. పక్షి పోయినా పేరు మాత్రం ముసలివాళ్ల నోట మిగిలింది. 1838లోనే విలియమ్స్ ఆ పేరు వాళ్ల దగ్గర విన్నాడు. అంటే లండన్‌లో ఎముక చూడకముందే.

తర్వాత ఓవెన్ చాలా గొప్పవాడయ్యాడు. 1842లో డైనోసార్ల జాతికి ఆ పేరు అచ్చులో పెట్టాడు. పెద్ద మ్యూజియం కావాలని ఏళ్ల తరబడి పోరాడాడు. అది 1881లో లండన్‌లో తెరిచారు, ఇప్పటికీ ఉంది. డబ్బులు లేనివాళ్లు కూడా వచ్చి చూడాలనేది ఆయన కోరిక. మన ప్రాణహిత గోదావరి లోయలో, ఇప్పటి తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆ పేరు చివర ఉన్న సారస్, డైనోసార్‌లో ఉన్న సార్ ఒకటే మాట. గ్రీకు భాషలో బల్లి అని అర్థం.

ఓవెన్‌లో మంచి ఒక్కటే కాదు, చెడు కూడా ఉంది. వేరేవాళ్ల పనికి రావలసిన గౌరవం తగ్గించేవాడు. గిడియన్ మాంటెల్ అనే డాక్టర్ ఎంతో కష్టపడి రాక్షసబల్లుల ఎముకలు కనిపెడితే ఆయన్ని చిన్నచూపు చూశాడు. డార్విన్‌తో కూడా గొడవపడ్డాడు. అందుకే చాలామంది ఆయన్ని ఇష్టపడలేదు. 1892 డిసెంబర్ 18న చనిపోయాడు.

ఇది చదివాక నాకు ఒక సంగతి బాధగా అనిపించింది. హారిస్ పేరు ఉంది. రూల్ పేరు ఉంది. ఓవెన్ పేరు ఉంది. ఏట్లో మొదట ఆ ఎముకను చూసి, ఇది మామూలుది కాదని తీసిపెట్టిన మావోరీ మనిషి పేరు మాత్రం లేదు. ఆయన పారేసి ఉంటే ఓవెన్ ఏం గుర్తుపట్టేవాడు? ఓవెన్ తెలివి తక్కువదని నేను అనడం లేదు. వేల ఎముకలు పట్టుకుని చూసిన చెయ్యి కాబట్టే చెప్పగలిగింది. కానీ మా తాత కూడా అడవిలో బొక్క చూసి ఇది కణుజుది, ఇది అడవిపందిది అని చెప్పేస్తాడు. ఆయనకి రాయడం రాదు. మా ఇంట్లో రాయడం వచ్చింది మొదట నాకే. అందుకని తాత చెప్పే పిట్టల పేర్లు, జంతువుల పేర్లు మా కోయ భాషలో ఎలా అంటారో అలాగే తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఇప్పటికి 43 అయ్యాయి.

మీరు కూడా సెలవులకి ఇంటికి పోయినప్పుడు వాగుల్లో వింత ఎముక, రాయి ఏదైనా దొరికితే తీసుకురండి. ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, మీ ఊర్లో పెద్దవాళ్లు దాన్ని ఏమంటారు అనేది చీటీ మీద రాయండి. సైన్స్ గదిలో పెడదాం. చీటీలో అన్నిటికంటే ముందు దొరికిన మనిషి పేరు రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని