ఫ్రాంక్లిను చిన్న పుస్తకము

1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను నగరమున, కొవ్వొత్తులును సబ్బులును చేసి అమ్ముకొను ఒక గృహస్థుని ఇంట బెంజమిను ఫ్రాంక్లిను జన్మించెను. ఆ దినములలో ఆ దేశము ఇంకను ఆంగ్లేయుల వలసరాజ్యముగనే యుండెను. తండ్రికి 17 మంది సంతానము. బెంజమిను 15వ వాడు. అంతమంది బిడ్డలున్న ఇంట చదువునకు డబ్బు మిగులుట కష్టము. బాలుడు బడికి పోయినది రెండేండ్లకు లోపుగనే. పదవ యేట తండ్రి దుకాణమున వత్తులు కత్తిరించుటకు కుదిరెను గాని, ఆ పని అతనికి రుచింపలేదు. పుస్తకములయందు అతనికి గల మక్కువను కనిపెట్టి, పండ్రెండవ యేట తండ్రి అతనిని అన్నగారైన జేమ్సు నడుపుచున్న అచ్చుకూటమునకు పని నేర్చుకొనుటకై పంపెను.

పగలెల్ల పని, చదువుటకు తీరిక రాత్రియే. పుస్తకముల దుకాణములలోని పిల్లలతో స్నేహము చేసి, సాయంకాలము ఒక పుస్తకము తెచ్చుకొని, రాత్రి చాలవఱకు మేలుకొని చదివి, తెల్లవాఱగనే తిరిగి యిచ్చివేయుచుండెను. సుమారు పదునారవ యేట అతనికొక ఉపాయము తోచెను. అన్న తన పనివాండ్ర భోజనమునకై ఒక కుటుంబమువారికి వారమువారము పైకము చెల్లించుచుండెను. తనవంతు పైకములో సగము తన చేతికిచ్చినచో తన తిండి తానే చూచుకొందునని బెంజమిను చెప్పగా, అన్న వెంటనే ఒప్పుకొనెను. అతడు మాంసము మానివేసెను. ఒక రొట్టెముక్క, పిడికెడు ఎండుద్రాక్ష, ఇన్ని మంచినీళ్లు, ఇంతటితో భోజనము ముగిసెడిది. చేతికి వచ్చిన సగములో మరల సగము మిగిలెను. ఆ డబ్బు పుస్తకములకు పోయెను. అంతకంటె గొప్ప లాభము మఱియొకటి కలదు. తక్కినవారు భోజనమునకు పోయి వచ్చునంతవఱకు అచ్చుకూటము నిశ్శబ్దముగా నుండెడిది. బడిలో రెండుమార్లు తప్పిన లెక్కలను అతడు ఆ తీరికలోనే స్వయముగా నేర్చుకొనెను.

మాంసము ముట్టననెడి నియమము మాత్రము కడవఱకు నిలువలేదు. ఒక ఓడప్రయాణమున వేయించిన చేపల వాసనకు అతడు లొంగిపోయెను. పెద్దచేప కడుపులో చిన్నచేపలుండుట చూచి, అవి ఒకదానినొకటి తినునపుడు తాను తినుటలో తప్పేమని సమాధానపడెను. తోచినదానికెల్ల కారణము వెదకుకొనుట మానవునికెంత సులభమో యని తరువాత తన్ను తానే పరిహసించుకొనెను.

అన్నతో పొసగక 1723లో ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరము చేరెను. మఱుసటి యేడు లండనుకు పోయి అచ్చుకూటములలో పనిచేసెను. అచటి పనివారు బీరు త్రాగినగాని బలము కలుగదని నమ్మెడివారు. అతనితోడి పనివాడొకడు ఉదయము మొదలు పని చాలించువఱకు దినమునకు ఆరుమార్లు త్రాగెడివాడు; వారము చివర కూలిలో నాలుగైదు షిల్లింగులు దానికే పోయెడివి. ఫ్రాంక్లిను మంచినీళ్లు మాత్రమే త్రాగెడివాడు. సీసపు అక్షరములు కూర్చిన బరువైన చట్టములను ఇతరులు రెండు చేతులతో ఒక్కటి మోయగా, అతడు చేతికొకటి చొప్పున రెండు మోసికొని మెట్లెక్కెడివాడు. ఇది చూచి కొందఱు ఉదయపు బీరు మాని, అతనివలెనే మిరియపు పొడియు వెన్నయు కలిపిన వేడి గంజి త్రాగ మొదలిడిరి. కడుపు నిండెను, ధర తక్కువ, తల దిమ్ము లేదు.

1726లో తిరిగి వచ్చి, 1728లో ఒక భాగస్వామితో కలసి సొంత అచ్చుకూటము పెట్టెను. 1731లో మిత్రులతో చందాలు ప్రోగుచేసి ఒక గ్రంథాలయమును స్థాపించెను. ఇంచుమించు ఆ కాలముననే అతనికొక సాహసమైన కోరిక కలిగెను. ఏ తప్పును చేయక జీవింపవలెనని నిశ్చయించుకొనెను! మంచియేదో చెడ్డయేదో తెలిసినవానికి మంచినే చేయుటకు అడ్డమేమని అతడు తలచెను. కొలది దినములలోనే అడ్డము తెలిసివచ్చెను. ఒక తప్పు రాకుండ కాచుకొనుచుండగా మఱియొకటి దొడ్డిత్రోవన ప్రవేశించెడిది. ఏమరుపాటు కలిగిన క్షణమున పాత అలవాటు తన చోటు తాను ఆక్రమించుకొనెడిది.

అప్పుడతడు ఒక చిన్న పుస్తకము కుట్టుకొనెను. మితాహారము, మితభాషణము, క్రమము, పొదుపు, పరిశ్రమ, న్యాయము, శుభ్రత, వినయము మొదలుగా 13 గుణములను ఎన్నుకొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పుట కేటాయించెను. ప్రతి పుటలోను ఎఱ్ఱసిరాతో వారమునకేడు నిలువుగీతలు, గుణములకు 13 అడ్డగీతలు గీసెను. ప్రతిరాత్రి ఆనాటి నడవడిని తలచుకొని, తప్పిన చోటనెల్ల ఒక నల్లచుక్క పెట్టుకొనెడివాడు. వారమున కొక్క గుణము మీదనే పట్టుదల చూపెడివాడు. తక్కినవానిలో తప్పులు గుర్తించుట మాత్రమే. తోట కలుపు తీయువాడు తోటనంతయు ఒక్కమారు పెఱికివేయడు గదా. ఒక మడి ముగించి మఱియొక మడికి పోవును. అతని ఏర్పాటును అట్టిదే. 13 వారములకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు.

చుక్కలు అతడనుకొనినదానికంటె మిక్కిలి ఎక్కువగా వచ్చెను. పాత చుక్కలను గీకివేసి గీకివేసి కాగితమునకు చిల్లులు పడెను. అందుచే దంతపు రేకులపై గీతలు గీసికొని, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడిస్పంజితో తుడుచుకొన మొదలిడెను.

అన్నిటిలోను అతనిని వేధించినది క్రమము. వస్తువును దాని చోట ఉంచుట, పనిని దాని వేళకు చేయుట అతనికి ఎంతకును అలవడలేదు. జ్ఞాపకశక్తి మెండుగా నుండుటచే చిన్ననాట ఆ లోటు తెలియలేదు. అతడు దీనికొక కథ చెప్పుచుండెను. ఒకడు గొడ్డలి కొని, అంచువలెనే దాని ముఖమంతయు మెఱయవలెనని కమ్మరిని కోరెను. సానఱాయి నీవు త్రిప్పినచో మెఱుగు పెట్టుదునని కమ్మరి యనెను. త్రిప్పి త్రిప్పి అలసిపోయి, ఇక మచ్చల గొడ్డలియే తనకిష్టమని చెప్పి అతడు గొడ్డలి తీసికొని వెడలిపోయెను. తానును అనేక పర్యాయములు అట్లే విసిగితినని ఫ్రాంక్లిను దాచక వ్రాసికొనెను. అయినను పుస్తకమును పాఱవేయలేదు.

వినయము మొదటి పట్టికలో లేదు. అతడు గర్వియని, వాదమునకు దిగిన ఎదుటివానిని అణచువఱకు విడువడని ఒక మిత్రుడు మొగమోటము లేక చెప్పగా దానిని చేర్చెను. నిశ్చయముగా, నిస్సందేహముగా వంటి మాటలు మానుకొని, నాకిట్లు తోచుచున్నది అనుట అలవాటు చేసికొనెను. మాట మాఱినంతనే కలహములు తగ్గెను. అతని సలహాలు వినువారు పెరిగిరి. గర్వము మాత్రము లోపల చావలేదని అతడే ఒప్పుకొనెను.

1736లో అతని నాలుగేండ్ల కుమారుడు మశూచికమువలన మరణించెను. టీకాల విషయమున ఆలస్యము చేసితినని ఫ్రాంక్లిను జీవితాంతము దుఃఖించెను. ఆ పుస్తకమునందు ఈ తప్పునకు తగిన గడి లేదు. ఇతర తల్లిదండ్రులకు ఇట్టి దుఃఖము కలుగకుండవలెనని దీనిని తన చరిత్రలో వ్రాసి యుంచెను.

అతనికి వీధులలోని చిన్న లోపములు కూడ కనబడెడివి. నగరపు వీధిదీపములకు లండనునుండి వచ్చిన గుండ్రని బుడ్లలో పొగ నిలిచి, దీపము త్వరలో మసిబాఱెడిది. నాలుగు బల్లపరుపు అద్దములతో, పైన పొగగొట్టముతో, క్రింద గాలిసందులతో దీపము చేయింపుమని అతడు సలహా నిచ్చెను. అది తెల్లవాఱువఱకు వెలిగెడిది. పగిలినను ఒక అద్దము మార్చిన చాలును. లండనున నివసించునపుడు ఒకనాటి ఉదయము నీరసించిన ఒక పేదరాలు తన వాకిట పుల్లల చీపురుతో ఊడ్చుచుండుట చూచి, వీధియంతయు ఊడ్చిన షిల్లింగు ఇత్తునని చెప్పెను. తొమ్మిది గంటలప్పుడు మొదలిడిన ఆమె పండ్రెండింటికే కూలికై వచ్చెను. జబ్బుపడిన స్త్రీ మూడు గంటలలో చేసిన పనికి నగరమంతయు ఏల దుమ్ములో నుండవలెనని అతడు లెక్కలు కట్టెను. ఎప్పుడో కలుగు మహాభాగ్యముకంటె నిత్యము కలుగు చిన్న సౌకర్యములే మనుష్యుని సుఖపెట్టునని అతని తలంపు. పేదయువకునికి వేయి గినీలిచ్చుటకంటె తన గడ్డము తాను గీసికొనుటయు, కత్తిని పదునుగా నుంచుకొనుటయు నేర్పుట మేలని అతడు భావించెను.

మెఱుపు విద్యుత్తేయని నిరూపించుట, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, 1783 నాటి సంధి, 1787 నాటి రాజ్యాంగము, వీనిలో అతని పాత్ర లోకప్రసిద్ధము.

కాని న్యాయమను గడిలో ఒక చుక్క చాలకాలము పడలేదు. ఫ్రాంక్లిను ఇంట బానిసలుండిరి; అతని పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు వెలువడెను. అందఱికిని అలవాటైపోయిన తప్పు అతని కంటికి తప్పుగా తోచుటకు అనేక సంవత్సరములు పట్టెను. తోచిన పిమ్మట అతడు ఊరకుండలేదు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో, మంచము పట్టియున్న స్థితిలో, బానిసలను విడిపింపుమని శాసనసభకు పంపిన విన్నపముపై సంతకము చేసెను. సభవారు తీవ్రముగా వాదించుకొని, అది తమ అధికారములోనిది కాదని తేల్చిరి. ఏప్రిల్ 17వ తేదీన, తన 84వ యేడు నిండిన మూడు నెలలకు, ఫ్రాంక్లిను ఫిలడెల్ఫియాలోని స్వగృహమున కన్నుమూసెను.